గాలివానలు మఱచిన సంవత్సరము

బంగాళాఖాతమున పుట్టినపుడు మనము తుపానని పిలుచు గాలివాననే, అట్లాంటిక్ మహాసముద్రమున పుట్టినచో హరికేను అందురు. గాలి గంటకు 74 మైళ్ల వేగము నందుకొనిననే గాని ఆ పేరు దానికి చెల్లదు. జూన్ మొదలు నవంబరు వరకు అచ్చటి తీరవాసులకు గుండె దిటవు చేసికొని యుండవలసిన కాలము.

1914వ సంవత్సరమున ఆ కాలమంతయు వింతగా గడచెను. హరికేను ఒక్కటియు పుట్టినట్లు దాఖలా లేదు. సెప్టెంబరు నడుమ బహామా దీవుల చెంత చిన్న గాలివాన యొకటి లేచి, ఫ్లారిడా, జార్జియా రాష్ట్రముల సరిహద్దు చేరువను తీరము దాటి, పడమరగా సాగి కొలది దినములలో అణగిపోయెను. 1851 మొదలు నేటివరకు గల పట్టికలలో ఇంత తక్కువ గాలివానలు గల యేడు వేఱొకటి కానరాదు.

అయితే నాడు ఆకసమునుండి కడలిని కనిపెట్టు ఉపగ్రహములు లేవు. ఓడలవారును తీరవాసులును చూచి తెలిపినదే లెక్క. ఓడల త్రోవకు దూరముగా పుట్టి నడిసంద్రముననే నశించినది యెవరి కంటను పడకపోయి యుండవచ్చును.

ఇట్టి నెమ్మదిని నమ్మి యేమరరాదని టెక్సాసు రాష్ట్రములోని గాల్వెస్టను పట్టణపు కథ తెలుపుచున్నది. 1900 సెప్టెంబరులో వచ్చిన హరికేను అచ్చట ఆఱువేలకు తక్కువ కాకుండ ప్రాణములను బలిగొనెను. బ్రతికినవారు ఊరు విడువక, 1902–1904 నడుమ పదునేడడుగుల యెత్తున, మూడు మైళ్లకు పైగా సముద్రపు గోడ కట్టిరి. పిమ్మట ఇండ్లను జాకీలతో పైకెత్తి, క్రింద ఇసుక నింపి నేలమట్టమును పెంచిరి. ఆ పని ముగియువఱకు ఎత్తుగా కట్టిన చెక్కబాటలమీద నడచుచునే గృహిణులు సంసారములు నడపిరి.

నిశ్శబ్దముగా 1914 గడచెను. మఱుసటి యేట ఆగస్టులోనే భయంకరమగు హరికేను ఆ పట్టణముపై బడెను. గోడ నిలిచెను. గోడకు వెలుపల పెక్కుమంది మరణించినను, ఊరిలోపల పోయిన ప్రాణములు 1900 నాటితో పోల్చిన మిక్కిలి స్వల్పము. సెప్టెంబరు తుదిని మఱియొక హరికేను లూసియానా తీరమును తాకి, న్యూ ఆర్లియన్సు ప్రాంతమున వందలమందిని పొట్టనబెట్టుకొనెను.

వానకు ముందే యిల్లు కప్పుకొనవలెనని మన పెద్దలకు తెలిసినదే. తుపాను రాని యేటను పైకప్పు బాగుచేయించుకొనుటయు, దాపున నున్న తుపాను రక్షణ భవనమునకు త్రోవ పిల్లలకు చూపియుంచుటయు తీరమందలి తల్లులకు విధి.