బొగ్గులు రాజేసే గొట్టం... చూసి కొనండి!

అమెరికాలో మే చివర్లో వచ్చే మెమోరియల్ డే నుంచి సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే దాకా పెరటి వంటల కాలం. జులై 4న అయితే ఏ వీధిలో చూసినా గ్రిల్ పొగలే! అక్కడున్న మన తెలుగువాళ్లూ తక్కువేం కాదు. మసాలా పట్టించిన కోడిముక్కలు, మొక్కజొన్న కంకులు పట్టుకుని పార్కులకు బయల్దేరతారు. తినడం సరే, బొగ్గులు అంటించడమే అసలు తంటా. విసిరీ విసిరీ చేతులు పడిపోవాలి, ఊదీ ఊదీ కళ్లు మండిపోవాలి. పోనీ అని లైటర్ ఫ్లూయిడ్ పోస్తే, అది పూర్తిగా మండిపోకముందే ముక్కలు పెట్టినప్పుడు ఆ వాసన తిండికి పట్టేస్తుంది. సరిగా అంటుకోలేదని మళ్లీ పోశారో... మంట ఒక్కసారిగా ఎగసి చేతులు కాలతాయి.

ఈ బాధలన్నిటికీ విరుగుడు, చిమ్నీ స్టార్టర్. చూడ్డానికి పిడి ఉన్న పెద్ద రేకు డబ్బాలా ఉంటుంది.

గాలే విసనకర్ర

ఈ గొట్టానికి పైనా కిందా మూత ఉండదు. లోపల కాస్త కిందుగా ఓ ఇనుప జల్లెడ ఉంటుంది. జల్లెడ కింద రెండు న్యూస్‌పేపర్లు ఉండచుట్టి పెట్టి, పైన బొగ్గులు నింపి, కాగితాన్ని అంటిస్తే చాలు. వేడెక్కిన గాలి పైకి పోతుంటే, కింది కంతల్లోంచి కొత్త గాలి లోపలికి దూసుకొస్తుంది. ఇటుక బట్టీల పొగగొట్టాల్లో జరిగేదీ ఇదే. పదిహేను, ఇరవై నిమిషాల్లో పై బొగ్గుల మీద తెల్లటి బూడిద పొర కడుతుంది. అప్పుడు గ్రిల్‌లో గుమ్మరించుకోవడమే!

కొనేముందు...

* ముందు సైజు చూడాలి. 22 అంగుళాల గుండ్రటి గ్రిల్ ఉంటే దాదాపు 100 బొగ్గు బిళ్లలు పట్టే పెద్ద గొట్టం కావాలి. ఇద్దరు ముగ్గురికే వండుకునేవాళ్లకు అందులో సగం చాలు. పెద్ద గొట్టాన్ని సగమే నింపి వాడుకోవచ్చు. చిన్నదాంట్లో మాత్రం ఎక్కువ కుక్కలేం.

* కింద కంతలు ఎక్కువగా, పెద్దవిగా ఉండాలి. గాలి ఆడకపోతే కాగితం మాడిపోతుంది గానీ బొగ్గు అంటుకోదు.

* పిడి గొట్టానికి దూరంగా, వేడెక్కనిదై ఉండాలి. నిండా కణకణలాడే నిప్పులను ఒంటిచేత్తో వంచడం కష్టం. అందుకే రెండో పిడి ఉన్నది మేలు. డబ్బు ఆదా చేయకూడని చోటు ఇదే!

* రేకు మందంగా ఉండాలి. పల్చటిది వేడికి వంకర్లు పోతుంది. జింకు పూత పూసిన గొట్టాలతో ఇంట్లో చేసుకోవద్దు. బాగా వేడెక్కితే వాటి నుంచి వచ్చే పొగ ఒంటికి మంచిది కాదు.

ఇవి మరవద్దు

గొట్టాన్ని గ్రిల్ మీదే పెట్టి వెలిగించాలి. గచ్చుమీద పెడితే ఆ వేడికి నేల పెచ్చులూడుతుంది. ఎండుగడ్డి మీద అసలే వద్దు. గుమ్మరించేటప్పుడు మందపాటి గ్లవుజులు వేసుకుని, పిల్లల్ని దూరంగా ఉంచాలి. ఖాళీ అయ్యాక కూడా గొట్టం చాలాసేపు వేడిగానే ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం, బొగ్గుల్ని ఇంట్లో, గ్యారేజీలో, మూసి ఉన్న బాల్కనీలో రాజేయకూడదు. వాటినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. తెలిసేలోపే స్పృహ తప్పిపోతుంది, ప్రాణాలూ పోవచ్చు. వాన పడుతోందని గ్రిల్‌ని లోపలికి తేవద్దు. హైదరాబాద్, విశాఖ అపార్ట్‌మెంట్లలో బార్బెక్యూ సరదా పడేవాళ్లకూ ఇదే మాట.

గొట్టం బాగుంటే కాగితం, అగ్గిపుల్ల చాలు. బొగ్గులు అంటుకునేలోపు ముక్కలకు మసాలా ఇంకోసారి పట్టించుకోవచ్చు!