థర్మోస్టాట్ మారుస్తున్నారా? కూలెంట్‌ను రంగు చూసి కొనకండి

జీవామృతం, కషాయాల గురించి మాట్లాడుకునే చోట బండి ఇంజిన్ గోల ఏంటి అనుకోకండి. పంట పండించడం సగం పనైతే, వాడిపోకముందే అంగడికి చేర్చడం మిగతా సగం. ఆ రెండో సగంలోనే పోయిన వేసవిలో నాకు దెబ్బ తగిలింది.

మాది చిట్యాల దగ్గర. ప్రతి ఆదివారం తెల్లవారకముందే ఆకుకూరలు, టమాటలు పికప్‌లో వేసుకుని హైదరాబాద్ పోతాను. ఆ రోజు చౌటుప్పల్ దాటగానే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత మీదికి పోయింది. రోడ్డు పక్క మెకానిక్ చూసి, "థర్మోస్టాట్ ఇరుక్కుపోయిందన్నా. పీకేస్తే సరిపోతది, మన ఎండలకు అది అక్కర్లేదు" అన్నాడు. దాన్ని పీకేసి, బోరు నీళ్లు పోసి, తన దగ్గరున్న పచ్చ కూలెంట్ ఒక లీటరు కలిపాడు. బండిలో అప్పటికే ఉన్నది ఎర్రది. నేను అంగడికి చేరేసరికి పది దాటింది. పాలకూర, తోటకూర సగం వెనక్కి తెచ్చి ఆవులకు వేశాను.

అంతటితో అయిపోలేదు. రెండు నెలలకు మైలేజీ పడిపోయింది. కూలెంట్ డబ్బా మూత తీస్తే లోపల గోధుమరంగు జిగురు కనబడింది. అప్పుడు కూర్చుని మొత్తం నేర్చుకుని, నా చేతులతోనే మార్చాను. వీడియోలో చేసి చూపించింది ఇక్కడ వివరంగా చెబుతున్నాను.

థర్మోస్టాట్ ఎందుకు ఉండాలి?

అది చెరువు తూము లాంటిది, కాకపోతే తనంతట తనే తెరుచుకుంటుంది. లోపల మైనం ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వాల్వ్ మూసుకుని ఉంటుంది కాబట్టి ఇంజిన్ త్వరగా వేడెక్కుతుంది. వేడికి మైనం వ్యాకోచించి వాల్వ్‌ను తోస్తే నీళ్లు రేడియేటర్‌కు పోతాయి. ఎన్ని డిగ్రీలకు తెరుచుకోవాలో దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. నాదాని మీద 82 అని ఉంది.

పీకేస్తే ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఇంజిన్ ఆయిల్ పాడవుతుంది. కొన్ని ఇంజిన్లలో బైపాస్ దారి ఎప్పుడూ తెరిచే ఉండిపోయి, నీళ్లలో కొంత భాగం రేడియేటర్‌కు పోకుండానే తిరుగుతుంది. అప్పుడు లోడు మీద ఇంకా వేడెక్కుతుంది. మన ఎండలకు అక్కర్లేదన్న మాట తప్పు.

కొత్తది కొన్నా బిగించే ముందు పరీక్ష చేయండి. పాత గిన్నెలో నీళ్లు పోసి, దారంతో అడుగు తగలకుండా వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాయండి. అచ్చు వేసిన డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టాలి, ఇంకో పది పదిహేను డిగ్రీలకు పూర్తిగా తెరుచుకోవాలి.

రంగును నమ్మొద్దు

నేను చేసిన పెద్ద తప్పు రంగును నమ్మడం. పచ్చ, ఎరుపు, నీలం అన్నీ కంపెనీ కలిపే రంగులే. ఈ రకానికి ఈ రంగే ఉండాలన్న కట్టుబాటు ఏమీ లేదు. అసలు తేడా తుప్పు పట్టకుండా కలిపే మందుల్లో ఉంటుంది. సిలికేట్ లాంటి ఖనిజ లవణాలు ఉన్నది పాత రకం, సుమారు రెండేళ్లు పనిచేస్తుంది. ఆర్గానిక్ ఆసిడ్ రకం, అంటే ఓ.ఏ.టి., సుమారు ఐదేళ్లు వస్తుంది. రెండూ కలిసిన రకం హెచ్.ఓ.ఏ.టి. ఇక్కడ ఆర్గానిక్ అంటే మన సేంద్రియం కాదు, ఆ పేరు చూసి మోసపోకండి!

రకాలు కలిపితే తుప్పును ఆపే శక్తి తగ్గిపోతుంది. ఒక్కోసారి నా బండిలో లాగా జిగురు కట్టి రేడియేటర్ గొట్టాలకు అడ్డుపడుతుంది. అందుకే బండి మాన్యువల్‌లో ఏ రకం రాశారో అదే కొనండి. డబ్బా మీద ఐ.ఎస్. 5759 లేదా జె.ఐ.ఎస్. కె 2234 లాంటి ప్రమాణం ఉందేమో చూడండి. లోపల ఏముందో తెలియకపోతే పైన ఇంకోటి పోయకండి. మొత్తం కడిగేసి ఒకే రకం నింపండి.

బోరు నీళ్లు వద్దు

మా నల్గొండ బోరు నీళ్ల సంగతి మీకు తెలిసిందే, కాగబెట్టిన గిన్నెకు తెల్ల పొర కడుతుంది. అదే పొర ఇంజిన్ లోపల కూడా కడుతుంది. క్లోరైడ్లు అల్యూమినియాన్ని తినేస్తాయి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. ఆసిడ్ కాదు, నీళ్లు!

రెడీమిక్స్ కూలెంట్‌లో నీళ్లు కలపకూడదు. చిక్కటిదైతే సగానికి సగం కలపాలి. అలా కలిపితే మామూలు పీడనం దగ్గరే సుమారు 107 డిగ్రీల దాకా మరగదు. నీళ్లు లేకుండా చిక్కటిదే పోస్తే మంచిదనుకోకండి, వేడిని మోయడంలో నీళ్లే మెరుగు.

ఒక కిటుకు చెబుతాను. కడిగాక ఇంజిన్ లోపల కొంత నీరు మిగిలిపోతుంది. అప్పుడు రెడీమిక్స్ పోస్తే పలచబడుతుంది. అందుకే చిక్కటిది కొని, మొత్తం పట్టే కొలతలో సగం ముందు పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపాను.

బిగించేటప్పుడు

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయండి. వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. థర్మోస్టాట్ స్ప్రింగ్ వైపు ఇంజిన్‌లోకి ఉండాలి. గాలి పోయే చిన్న పిన్ను ఉంటే అది పైకి ఉండాలి. కొత్త గాస్కెట్ వేయండి. నింపాక మూత తీసే ఉంచి బండి స్టార్ట్ చేసి, బుడగలు ఆగేదాకా కొంచెం కొంచెంగా పోసి మూత పెట్టండి. మరుసటి రోజు చల్లగా ఉన్నప్పుడు మళ్లీ మట్టం చూడండి.

పాత కూలెంట్ ఎక్కడ?

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. పాతది టబ్బులోకి దించి పానా కోసం లోపలికి పోయాను. ఇంతలో మా అబ్బాయి కేక: "నాయినా, కుక్క తాగబోతాంది!" సమయానికి లాగేశాడు కాబట్టి బతికింది. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కొంచెం తాగినా కుక్క మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆవులకూ, పిల్లలకూ విషమే. తాగిందన్న అనుమానం వస్తే, తూలుతూ నడిచేదాకా ఆగకుండా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకుపోండి.

నేల మీద పారబోస్తే గ్లైకాల్‌ను సూక్ష్మజీవులు మెల్లగా తినేస్తాయి. కానీ ఇంజిన్ లోపల కరిగి చేరిన సీసం, రాగి లాంటి లోహాలు మట్టిలోనే ఉండిపోతాయి. వానపాముల కోసం ఏళ్ల తరబడి కాపాడుకున్న నేల అది. పాత కూలెంట్‌ను మూత గట్టిగా ఉన్న క్యాన్‌లో పోసి, పైన "విషం" అని రాసి, ఆయిల్‌తో కలపకుండా, తీసుకుంటారో లేదో ముందే అడిగి సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. ఖాళీ కూలెంట్ క్యాన్లలో జీవామృతం మాత్రం పట్టకండి.

ఇప్పుడు ప్రతి శనివారం సాయంత్రం కూరలు ఎక్కించే ముందు కూలెంట్ మట్టం చూస్తున్నాను. రెండు నిమిషాల పని. ఆ రోజు వెనక్కి తెచ్చిన పాలకూర కట్టలు గుర్తొస్తే, ఆ రెండు నిమిషాలు బరువనిపించవు.