ఊడిపోయే పళ్ళే కదా అనుకున్నాను!

"ఎలాగూ ఊడిపోయే పళ్ళేగా, వాటికింత హైరానా ఎందుకు?" మా అమ్మాయి చిన్నప్పుడు ఈ మాట ఎన్నిసార్లు అన్నానో! పంచదార వేసిన పాలసీసా నోట్లో ఉంటేగాని అది నిద్రపోయేది కాదు. రెండేళ్ళు దాటినా ఆ అలవాటు మాన్పించలేదు. పై పళ్ళ మీద, చిగుళ్ళ దగ్గర తెల్లటి మచ్చలొచ్చాయి. తర్వాత అవే గోధుమరంగుకి తిరిగాయి. అయినా ఊరుకున్నాను.

ఐదో ఏట ఒక రాత్రి దవడ పట్టుకుని ఒకటే ఏడుపు. తెల్లారేసరికి బుగ్గ వాచిపోయింది. పళ్ళ డాక్టరుగారు చూసి, "చీము పట్టిందమ్మా, పన్ను తీసెయ్యక తప్పదు" అన్నారు. "పుండు మానాక తీసుకురండి, ఆ ఖాళీ మూసుకుపోకుండా చిన్న తీగ అమరుస్తాను" అని కూడా చెప్పారు. నొప్పి తగ్గిందిగా, మళ్ళీ డబ్బు దండగెందుకని మేం వెళ్ళలేదు. వెనక పన్ను ముందుకు జరిగి ఆ చోటు ఆక్రమించింది. అక్కడ రావాల్సిన అసలు పన్ను దారిలేక పక్కకి మొలిచింది. ఇప్పుడు పద్నాలుగేళ్ళ పిల్లకి పళ్ళకి క్లిప్పులు! తప్పు నాది, అవస్థ దానిది. నాలా మరో తల్లి పొరబడకూడదనే ఇది రాస్తున్నాను.

పాలపళ్ళు మొత్తం 20. సాధారణంగా ఆరో నెలలో మొదలై మూడేళ్ళకల్లా అన్నీ వచ్చేస్తాయి. ముందు పళ్ళు ఆరేడేళ్ళకి ఊడినా, దవడపళ్ళు 10-12 ఏళ్ళ దాకా ఉండాలి. నమలడానికీ, మాట స్పష్టంగా రావడానికీ ఇవే ఆధారం. బస్సులో తువ్వాలు వేసి సీటు ఆపినట్టు, వెనక వచ్చే పళ్ళకి చోటు ఆపేవీ ఇవే.

మనం చెయ్యాల్సినవి:

* పళ్ళు రాకముందే, పాలు తాగాక శుభ్రమైన తడిగుడ్డతో చిగుళ్ళు తుడవండి.

* మొదటి పన్ను కనబడగానే మెత్తని చిన్న బ్రష్షు వాడండి. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత ఆరేళ్ళదాకా బఠాణీ గింజంత చాలు.

* పొద్దున ఒకసారి, పడుకోబోయేముందు ఒకసారి తోమాలి. రాత్రి తోమాక మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వొద్దు.

* సీసాతో నిద్రపుచ్చకండి. ఏడాది నిండేసరికి గ్లాసు అలవాటు చెయ్యండి.

* ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా పెద్దవాళ్ళే దగ్గరుండి తోమాలి. తల్లికి వంటపనుంటే తండ్రి ఓ చెయ్యి వెయ్యొచ్చుగా!

* ఆరో ఏట పాలపళ్ళన్నిటికీ వెనకగా, ఏ పన్నూ ఊడకుండానే కొత్త దవడపన్ను వస్తుంది. ఇదీ పాలపన్నే అనుకుని వదిలెయ్యకండి. అది పుచ్చితే మళ్ళీ రాదు.

* మొదటి పుట్టినరోజులోగా ఒకసారి డాక్టరుకి చూపించండి. తెల్లమచ్చ కనబడితే ఆలస్యం చెయ్యొద్దు.

ఊడిన పన్ను ఇంటికప్పు మీదకి విసిరేసి పిల్లలెంత సంబరపడతారు! మా అమ్మాయి ఆ పన్నుని డాక్టరుగారి దగ్గర ఏడుస్తూ వదిలేసి వచ్చింది. మీ పిల్లలకి అలా కాకూడదు.