లెక్క చూపించమని అడిగిన మనిషి

మన హాస్టల్లో అందరికీ తెలిసిన పనే. పండగ సెలవుల నుంచి వచ్చేటప్పుడు అమ్మా నాన్నా చేతిలో పెట్టిన వందో రెండొందలో మన పెట్టెలో ఉంచుకోకుండా సారు దగ్గర దాచుకుంటాం. సారు ఒక లాంగ్ నోట్‌బుక్కులో మన పేరు రాసి, పక్కన ఎంత ఇచ్చామో వేస్తారు. సబ్బుకో, పెన్నుకో తీసుకున్నప్పుడల్లా అందులో ఒక తీసివేత పడుతుంది. ఎప్పుడైనా అనుమానం వస్తే "సార్, నావి ఎంత మిగిలాయి?" అని అడుగుతాం. సారు పుస్తకం తెరిచి చూపిస్తారు. అంతే, గొడవ లేదు.

ఆ పుస్తకమే లేదనుకోండి. లేదా ఉంది గానీ కొన్ని పేజీలు చినిగిపోయాయి, కొన్ని ఎలుకలు కొట్టేశాయి, కొన్ని ఎక్కడున్నాయో ఎవరికీ తెలీదు. సారు మాత్రం "నీవి పదిహేను రూపాయలే, తీసుకుని వెళ్లు" అంటారు. అప్పుడు మనం ఏం చేస్తాం?

అమెరికాలో మూడు లక్షల మందికి పైగా సరిగ్గా ఇదే జరిగింది. అక్కడ డబ్బు దాచింది సారు కాదు, సాక్షాత్తూ కేంద్ర ప్రభుత్వం. దాచుకున్న వాళ్లు మనలాంటి తెగల వాళ్లు. ఒక నెలా రెండు నెలలూ కాదు, నూరేళ్లకు పైగా.

మిత్రులారా! ముందు రెండు మాటలు సరిచేసుకుందాం. మన పాత పుస్తకాల్లో వాళ్లని రెడ్ ఇండియన్లు అని రాసేవారు. ఇప్పుడు నేటివ్ అమెరికన్లు అంటున్నారు. వాళ్లయితే ఎక్కువగా తమ తెగ పేరే చెప్పుకుంటారు, మనం కోయ అనో, సవర అనో, కొండరెడ్డి అనో చెప్పుకున్నట్టు. ఇక రెండో మాట రిజర్వేషన్. మన దగ్గర రిజర్వేషన్ అంటే సీట్లు, ఉద్యోగాలు గుర్తొస్తాయి. అక్కడ రిజర్వేషన్ అంటే ఒక తెగకు కేటాయించిన భూభాగం. మన ఏజెన్సీ ఏరియా లాంటిది అనుకోండి, పూర్తిగా అదే కాకపోయినా.

1887లో అమెరికా పార్లమెంటు (దాన్ని కాంగ్రెస్ అంటారు, మన కాంగ్రెస్ పార్టీ కాదు) డాస్ చట్టం అని ఒకటి చేసింది. అప్పటిదాకా భూమి తెగ అందరిదీ. ఈ చట్టం దాన్ని ముక్కలు చేసి కుటుంబ పెద్దకు 160 ఎకరాల చొప్పున పంచింది. పంచగా మిగిలిన భూమిని బయటివాళ్లకు వదిలేసింది. ఫలితం ఏమైందంటే 1887లో తెగల చేతిలో సుమారు 13 కోట్ల 80 లక్షల ఎకరాలు ఉంటే, 1934 నాటికి సుమారు 4 కోట్ల 80 లక్షల ఎకరాలే మిగిలాయి.

పంచిన భూమినైనా వాళ్ల చేతికి ఇచ్చారా అంటే అదీ లేదు. "మీకు వ్యవహారం తెలీదు, 25 ఏళ్లు మీ తరఫున మేమే చూస్తాం" అన్నారు. తర్వాత ఆ గడువు పెంచారు. 1934లో గడువన్నదే లేకుండా చేశారు. ఆ భూముల్ని పశువుల మేతకి, చమురు బావులకి, కలప కొట్టుకోవడానికి ప్రభుత్వమే లీజుకిస్తుంది. వచ్చిన డబ్బు ప్రభుత్వమే వసూలు చేసి ఖాతాలో వేస్తుంది. భూమి గలవాడికి అప్పుడప్పుడు ఒక చెక్కు వస్తుంది. ఇదంతా చూసేది ఇంటీరియర్ డిపార్ట్‌మెంటు, దాని కింద బ్యూరో ఆఫ్ ఇండియన్ అఫైర్స్ అనే ఆఫీసు.

ఈ ఏర్పాటుకి వాళ్లు పెట్టుకున్న పేరు ట్రస్టు. ఇంగ్లీషులో ఈ మాటకి రెండర్థాలున్నాయి. ఒకటి నమ్మకం. రెండోది ఒకరి ఆస్తిని ఇంకొకరు వాళ్ల మేలు కోసం కాపాడటం. గుడి భూములకు ధర్మకర్తలు ఉంటారు చూడండి, అట్లాగన్నమాట. ధర్మకర్తకి ఆస్తి మీద హక్కు లేదు. ఒక బాధ్యత మాత్రం ఉంది. అడిగినప్పుడు లెక్క చెప్పాలి.

ఇప్పుడు లెక్కల క్లాసుకి వద్దాం. తాతకి 160 ఎకరాలు. ఆయనకి నలుగురు పిల్లలు, వాళ్లకి తలా నలుగురు, వాళ్లకి మళ్లీ తలా నలుగురు. భూమి గట్లు వేసి పంచరు, కాగితం మీద వాటాలు మాత్రం పంచుతారు. మూడో తరానికి అదే భూమికి 64 మంది వాటాదారులు. నిజంగా జరిగిన ఉదాహరణ అమెరికా సుప్రీంకోర్టు 1987లో ఇచ్చిన ఒక తీర్పులో ఉంది. సిస్సెటన్-వాపెటన్ తెగ రిజర్వేషన్లో 1305 నంబరు భూమి. విస్తీర్ణం 40 ఎకరాలు. యజమానులు 439 మంది. ఏడాదికి కౌలు 1,080 డాలర్లు. ఆ యజమానుల్లో మూడో వంతు మందికి ఏడాదికి 5 సెంట్లు కూడా రావు (భూమి సెంటు కాదు, డబ్బు సెంటు, డాలర్లో నూరో వంతు). అందరికంటే చిన్న వాటా గలవాడికి 177 ఏళ్లకు ఒకసారి ఒక్క సెంటు వస్తుంది! వాటాలు లెక్కకట్టడానికి వాడిన ఉమ్మడి హారం 3 లక్షల 39 వేల 492 కోట్ల 38 లక్షల 40 వేలు. క.సా.గు. కష్టం అని ఏడ్చే తొమ్మిదో తరగతి వాళ్లు ఇది ఒకసారి చూడాలి. ఈ ఒక్క భూమి వ్యవహారం చూడటానికి ఆఫీసుకయ్యే ఖర్చు ఏడాదికి 17,560 డాలర్లని అంచనా. అంటే కౌలు కంటే 16 రెట్లు ఎక్కువ.

ఇలాంటి చిక్కు లెక్కని నూరేళ్లపాటు సరిగ్గా రాయకపోతే ఏమవుతుందో ఊహించుకోండి.

ఎలోయిస్ కోబెల్ అనే ఆమె బ్లాక్‌ఫీట్ తెగ మనిషి. మోంటానా రాష్ట్రంలో బ్లాక్‌ఫీట్ రిజర్వేషన్లో 1945లో పుట్టింది. తొమ్మిది మంది పిల్లలున్న ఇల్లు, కరెంటు లేదు, కుళాయి లేదు. చిన్నప్పటి నుంచీ ఇంట్లో పెద్దవాళ్లు ఆ చెక్కుల గురించి మాట్లాడుకోవడం వింటూ పెరిగింది. ఎందుకు తక్కువొచ్చింది, ఎందుకు రాలేదు, ఎవరినడగాలి అని. పెద్దయ్యాక అకౌంటింగ్ నేర్చుకుని తెగ కౌన్సిల్లో కోశాధికారి అయింది. పద్దులు ఎంత చూసినా పొంతన కుదరలేదు. ఆఫీసర్లని అడిగితే "మీకు రిపోర్టులు చదవడం రాదు" అన్నట్టు మాట్లాడారని ఆమె తర్వాత చెప్పింది. సిగ్గుపడి ఊరుకుంటుందనుకున్నారు కాబోలు. ఆమెకి కోపం వచ్చింది. 1987లో తెగ తరఫున ఒక బ్యాంకు పెట్టడానికి ఆమే ముందు నిలబడింది. రిజర్వేషన్లో తెగ సొంతంగా పెట్టుకున్న మొదటి జాతీయ బ్యాంకు అది. లెక్కలు రావని ఆమెనెవరన్నా అంటే నవ్వు రాదూ?

1992లో కాంగ్రెస్ కమిటీ ఒకటి ఈ నిధుల మీద రిపోర్టు ఇచ్చి, ఇండియన్ ఆఫీసు నిర్వాకాన్ని గట్టిగా తప్పుపట్టింది. 1994లో లెక్కలు సరిచేయాలని చట్టం కూడా వచ్చింది. చట్టమైతే వచ్చింది గానీ లెక్క రాలేదు. దాంతో 1996 జూన్ 10న కోబెల్, మరి కొంతమంది కలిసి కోర్టుకెక్కారు. అప్పుడు క్లింటన్ ప్రెసిడెంటు. మరుసటి ఏడాది ఆమెకి మెకార్థర్ ఫెలోషిప్ అనే పెద్ద గౌరవం దక్కింది. ఆ డబ్బులో చాలాభాగం ఈ కేసుకే పెట్టేసింది.

కేసులో వాళ్లు అడిగింది ముందుగా డబ్బు కాదు, లెక్క. మా తాతల భూమి మీద ఎంత వచ్చింది, ఎంత ఇచ్చారు, మిగతాది ఏమైంది?

కాగితాలు తెమ్మని కోర్టు ఆదేశించింది. కొన్ని దొరకలేదు. కొన్ని ఎలుకలు తిరిగే గోదాముల్లో ఉన్నాయి, వాటి దగ్గరికి వెళ్తే జబ్బు అంటుకుంటుందని కూడా చెప్పారు. 1999 ఫిబ్రవరిలో జడ్జి రాయిస్ లాంబర్త్ ఇద్దరు మంత్రుల్ని, ఇంటీరియర్ మంత్రినీ ఆర్థిక మంత్రినీ, కోర్టు ధిక్కారం కింద తప్పుపట్టారు. ఇంకో సంగతి ఆ ఏడాదే బయటపడింది. కేసు నడుస్తుండగానే ఆర్థిక శాఖ వాళ్లు 162 పెట్టెల కాగితాలు నాశనం చేశారు. ఆ మాట కోర్టుకి నెలల తరబడి చెప్పలేదు. 1999 డిసెంబరులో, ప్రభుత్వం ధర్మకర్తగా తన బాధ్యత తప్పిందని జడ్జిగారు తీర్పు చెప్పారు.

2001లో ఖాతాలున్న కంప్యూటర్లు భద్రమేనా అని పరీక్షించడానికి కోర్టు నియమించిన అధికారి నిపుణులని పెట్టించారు. వాళ్లు బయటినుంచి సులువుగా లోపలికి దూరిపోయారు. దొంగ ఖాతా సృష్టించగలమని కూడా చూపించారు. దాంతో ఆ డిసెంబరులో ఆ డిపార్ట్‌మెంటు ఇంటర్నెట్ మొత్తం ఆపేయమని కోర్టు ఆర్డరు వేసింది. కొన్నాళ్లు చెక్కులు కూడా ఆగిపోయాయి, పాపం వాటి మీదే బతికే ముసలివాళ్లు ఇబ్బంది పడ్డారు. ఇది కేసులో బాధపడాల్సిన సంగతే.

2005 జూలైలో వచ్చిన ఆర్డరు ఇంకా విచిత్రం. డిపార్ట్‌మెంటు ఖాతాదారులకు పంపే ఉత్తరాలతో పాటు, మా దగ్గరున్న ట్రస్టు సమాచారం నమ్మదగింది కాకపోవచ్చు అని ఒక నోటీసు కూడా పంపాలి! ఒక ప్రభుత్వం తన మాట నమ్మలేరని తానే రాసి పంపుకోవాలన్నమాట. మరుసటి ఏడాది పై కోర్టు ఈ ఆర్డరు కొట్టేసింది. లాంబర్త్ గారు మరీ ఒకవైపు మొగ్గినట్టు కనపడుతోందని చెప్పి కేసుని ఇంకో జడ్జికి మార్చింది. ఆయన ఆవేశపడి ఉండొచ్చు. కానీ పదేళ్లపాటు కాగితం తెమ్మంటే తేకపోతే ఎవరికి మాత్రం కోపం రాదు?

ఇక్కడ అమెరికా మొత్తం సంగతి కొంచెం చెప్పాలి. వాషింగ్టన్లోని ప్రభుత్వం ఎప్పుడూ, లేదా చాలావరకు సరైన పనే చేస్తుందని నమ్ముతారా అని అక్కడి జనాన్ని 1958 నుంచి సర్వేల్లో అడుగుతున్నారు. మొదట నలుగురిలో ముగ్గురు దాకా నమ్ముతాం అన్నారు. తర్వాత వియత్నాం యుద్ధం వచ్చింది, వాటర్‌గేట్ కుంభకోణం వచ్చింది, 1974 ఆగస్టులో ప్రెసిడెంటు నిక్సన్ రాజీనామా చేశాడు. 1980 నాటికి నమ్మేవాళ్లు నలుగురిలో ఒకరయ్యారు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత కొద్దికాలం పెరిగింది. ఈమధ్య ఏళ్లలో అటూ ఇటూగా ఐదుగురిలో ఒకరు. ఈ అంకెలు చూపించి, పాతరోజులు మంచివి, ఇప్పుడు నమ్మకం పోయిందని పెద్ద పెద్ద వాళ్లు బాధపడుతుంటారు.

నాకు మాత్రం ఒక అనుమానం. దేశం అంతగా నమ్మిన ఆ 1958లో కోబెల్‌కి పన్నెండు, పదమూడేళ్లు. ఆ ఇంట్లో అప్పుడే చెక్కుల గురించి అడుగుతున్నారు. అంటే పుస్తకం అప్పుడూ సరిగ్గా లేదు. తెరిచి చూసిన వాళ్లు తక్కువ, అంతే. చూసిన వాళ్ల మాట వాషింగ్టన్ దాకా వినపడలేదు. తెగల పిల్లల్ని ఇళ్లనుంచి తీసుకెళ్లి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే కొట్టిన బోర్డింగు స్కూళ్లు నడిపిందీ ఆ ప్రభుత్వమే. ఆ స్కూళ్లలో కనీసం 973 మంది పిల్లలు చనిపోయారని ఇంటీరియర్ డిపార్ట్‌మెంటే 2024లో రిపోర్టు ఇచ్చింది. మనమూ బోర్డింగులో ఉండే పిల్లలమే కాబట్టి ఆ అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

మళ్లీ కేసుకి. క్లింటన్ పోయి బుష్ వచ్చాడు, బుష్ పోయి ఒబామా వచ్చాడు. పార్టీలు మారినా, కోర్టులో ప్రభుత్వ వాదన పెద్దగా మారలేదు. 2008లో కొత్త జడ్జి 45 కోట్ల 56 లక్షల డాలర్లు ఇవ్వమన్నారు. పై కోర్టు దాన్నీ కొట్టేసింది. చివరికి 2009 డిసెంబరులో రాజీ కుదిరింది. మొత్తం 340 కోట్ల డాలర్లు. అందులో సుమారు 150 కోట్లు మనుషులకి. సుమారు 190 కోట్లు ముక్కలైన వాటాలను, అమ్మడానికి ఇష్టపడిన వాళ్ల దగ్గర కొని, ఆ భూమిని తిరిగి తెగలకు అప్పగించడానికి. 2010 డిసెంబరు 8న ఒబామా ఆ చట్టం మీద సంతకం పెట్టాడు.

గెలిచినట్టేనా? ఇక్కడే అక్కడి జనం రెండుగా చీలిపోయారు. ఎందుకంటే డబ్బొచ్చింది గానీ లెక్క రాలేదు. తాతల భూమి మీద ఎంత వచ్చిందో ఈ రాజీలో ఎవరికీ చెప్పలేదు. ఇంతకు ఒప్పుకోకూడదని కొందరు అప్పీలుకి వెళ్లారు. ఇది రావాల్సిన దానికంటే చాలా తక్కువని కోబెల్ కూడా దాచలేదు. కానీ ఖాతాదారుల్లో ముసలివాళ్లు ఏటేటా చచ్చిపోతున్నారు, వాళ్ల కళ్లముందు ఏదో ఒకటి చేతికి రావాలి అంది. ఆమె చెప్పింది నాకు సబబుగానే అనిపిస్తోంది. అప్పీలుకి వెళ్లిన వాళ్లదీ తప్పనలేను. సారు పుస్తకం పోగొట్టి, "పోనీలే, తలా వంద తీసుకోండి" అంటే మనలో కొందరు తీసుకుంటారు, కొందరు "నావి రెండొందలు" అని నిలబడతారు.

కోబెల్ 2011 అక్టోబరు 16న క్యాన్సర్‌తో చనిపోయింది. మొదటి చెక్కులు, మనిషికి 1,000 డాలర్ల చొప్పున, 2012 డిసెంబరులో బయల్దేరాయి. 2016లో అమెరికా ప్రభుత్వం, ఆమె కోర్టుకీడ్చిన ఆ ప్రభుత్వమే, ఆమెకి దేశంలో పౌరులకిచ్చే అతి పెద్ద పతకాల్లో ఒకటి ప్రకటించింది. అందుకోవడానికి మనిషి లేదు. వాటాలు కొనే పని 2022 నవంబరులో ముగిసింది. దాదాపు 30 లక్షల ఎకరాలకి సమానమైన వాటాలు తెగల చేతికి తిరిగి వచ్చాయి. రాజీలో ఆమె పట్టుబట్టి పెట్టించిన ఇంకో అంశం ఉంది. వాటాల అమ్మకాల లెక్కన 6 కోట్ల డాలర్ల వరకు ఒక నిధికి చేరాలి. ఆ నిధి తెగల పిల్లల కాలేజీ చదువులకు స్కాలర్‌షిప్పులివ్వడానికి. దానికి ఆమె పేరే పెట్టారు.