కారు సస్పెన్షను బుష్షులు: వాని అరుగుదల, సంరక్షణ

ఎడ్లబండి తోలినవారికి ఇరుసు సంగతి చెప్పనక్కరలేదు. కందెన ఎండిన ఇరుసు కీచుమని అరచును. బండివాడు దిగి కందెన పెట్టును, అరపు మానును. నేడు మన ప్రాంతమున ఎడ్లబండ్లు తగ్గి కార్లును వ్యానులును హెచ్చినవి. హోసూరున లారీలు, మోటారు సైకిళ్లు తయారగు కర్మాగారము లుండుటచే మన విద్యార్థుల ఇండ్లలో పలువురకు యంత్రములతోడి పనియే జీవనాధారము. టాక్సీ నడపి బిడ్డలను చదివించుకొను తండ్రులును కలరు. అయితే ఎడ్లబండినాటి అలవాటొకటి కారు విషయమున మనకు నష్టము తెచ్చుచున్నది. కారు క్రింద కిర్రుమన్న చోటనెల్ల నూనె పోయుదుము. ఏ కీలునకు నూనె మేలో, ఏ కీలునకు కీడో తెలియక ఆ పని చేయరాదు. కావున సస్పెన్షను బుష్షులను గూర్చి ఇచట వివరింపదలచితిమి.

బుష్షు అనగా నేమి?

కారు చట్రమునకును చక్రమునకును నడుమ ఉక్కు చేతులుండును. మెకానిక్కులు వీనిని ఆర్ములందురు. చక్రము గుంతలో దిగినపుడును గట్టెక్కినపుడును ఈ ఆర్ము, తలుపు బందుపై ఆడినట్లు, తన కీలుపై క్రిందుమీదుగా ఆడును. ఆ కీలులో నుండునదే బుష్షు. తెలుగు, తమిళము, కన్నడము ఏ భాష మాటలాడు మెకానిక్కైనను దానికి ఆ పేరే వాడును.

బుష్షు నిర్మాణము సులభము. ఒక ఉక్కు గొట్టములో మరియొక చిన్న గొట్టము. రెంటి నడుమ రబ్బరు. మేలైన బుష్షులలో ఈ రబ్బరు లోహమునకు విడదీయరాకుండ అతుకబడి యుండును. వెలుపలి గొట్టము ఆర్ములో బిగువుగా దిగియుండును. లోపలి గొట్టమును ఒక బోల్టు చట్రమునకు బిగించి పట్టును. ఆర్ము ఆడినపుడు ఏదియు జారదు. నడుమనున్న రబ్బరు మాత్రము మెలి తిరిగి, మరల యథాస్థితికి వచ్చును.

విద్యార్థులు దీనిని తరగతిలోనే చూడవచ్చును. ఒక పెద్ద రబ్బరు ముక్కను రెండు అరచేతుల నడుమ గట్టిగా అదిమి, ఒక చేతిని కొంచెము ముందునకును, రెండవదానిని కొంచెము వెనుకకును జరుపుడు. రబ్బరు జారదు, ఒరగును. పట్టు సడలింపగనే పూర్వరూపము దాల్చును. బుష్షు పని ఇట్టిదే. జారుట లేనిచోట కందెనతో పనిలేదు. అందుచేతనే రబ్బరు బుష్షునకు గ్రీసు పెట్టు రంధ్రముండదు.

ఈ రబ్బరు మరియొక మేలు కూడ చేయుచున్నది. రోడ్డు అదరులో కొంత భాగమును తనలో ఇముడ్చుకొని వేడిమిగా మార్చును. కొన్ని బుష్షుల రబ్బరులో ఖాళీలు కనబడును. అవి లోపములు కావు. ఒక దిక్కున మెత్తగాను, మరియొక దిక్కున గట్టిగాను ఉండుటకై కావలెనని విడిచిన ఖాళీలవి. అందువలన బుష్షును అమర్చునపుడు ఏ వైపు పైకి ఉండవలెనో చూచి అమర్పవలయును.

ఏల చెడును?

పచ్చి రబ్బరు ఎండకు జిగురై, చలికి పెళుసగును. గంధకముతో కలిపి వేడిచేసినచో అది గట్టిపడి సాగుడు నిలుపుకొనునని 1839లో అమెరికా దేశస్థుడు ఛార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొని, 1844లో దానికి పేటెంటు పొందెను. ఇట్లు పదును పెట్టిన రబ్బరునకును శత్రువులు కలరు. మొదటిది వేడిమి, అది రబ్బరును క్రమముగ గట్టిపరచును. రెండవది గాలిలోని ఓజోను. సాగియున్న రబ్బరుపై అది పగుళ్లు పుట్టించును. మూడవది నూనె. ఇంజను నూనెగాని, పెట్రోలియము గ్రీసుగాని తగిలిన సహజ రబ్బరు ఉబ్బి, మెత్తబడి, బలము కోల్పోవును. కిర్రుమనుచున్నదని నూనె పోసినవారు ఒక వారము నిశ్శబ్దమును కొని, బుష్షు ఆయుస్సును అమ్ముకొన్నవారగుదురు. నాలుగవది అలసట. గుంతల దారిలో లక్షలసార్లు మెలి తిరిగిన రబ్బరు తుదకు చిరుగును, లేదా లోహము నుండి విడివడును.

చెడిన బుష్షు గుర్తులు ఇవి. స్పీడు బ్రేకరు దాటునపుడు క్రింద టక్కున శబ్దమగును. తిన్నని దారిలోను కారు అటునిటు పోవును. బ్రేకు వేసినపుడు ఒక ప్రక్కకు లాగును. టైరు ఒక అంచున మాత్రమే అరుగును. ఇందు బ్రేకునపుడు లాగుట మిక్కిలి ప్రమాదకరము. బుష్షు వదులైనపుడు బ్రేకు బలమునకు ఆర్ము వెనుకకు జరిగి, చక్రము నిలువవలసిన కోణము తప్పును. ఎదురుగా లారీ వచ్చు రహదారిపై జానెడు లాగుటయు ప్రాణాంతకము కావచ్చును.

ఏ బుష్షు కొనవలెను?

అంగడిలో మూడు రకములు దొరకును. కారు కంపెనీవారి పేర వచ్చునది మొదటిది. అదే కొలతలతో ఇతర తయారీదారులు చేసి అమ్మునది రెండవది. ఇందు మంచివియు కలవు, నాసివియు కలవు. నాసిదానిలో రబ్బరు లోహమునకు సరిగా అతుకదు. కొన్నిట రబ్బరు అంచు చేతితో లాగిననే ఊడును. మూడవది పాలీయురిథేను బుష్షు, దీనినే పీ.యూ. బుష్షందురు. ఈ పదార్థమును 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ అను రసాయనవేత్తయు, ఆయన తోడివారును కనుగొనిరి.

పీ.యూ. బుష్షు రబ్బరుకంటె గట్టిది. షోర్ ఏ అను కాఠిన్యపు కొలతలో సామాన్యపు రబ్బరు బుష్షులు 50 నుండి 70 వరకు, పీ.యూ. బుష్షులు 70 నుండి 95 వరకు ఉండుట కద్దు. నూనెకు అంతగా లొంగదు. పెక్కు కాలము మన్నును. మలుపులలో కారు నిలకడ హెచ్చును. కాని రోడ్డు అదరు లోపలికి ఎక్కువగా తెలియును. మరియొక ముఖ్య భేదము కలదు. ఇది సాధారణముగ లోహమునకు అతుకబడదు. లోపలి గొట్టముపై తిరుగును. తిరుగుచోట కందెన కావలెను కదా! కనుక దీనికి సిలికోను గ్రీసు పెట్టవలెను. అది ఎండిపోయిన కిర్రుమనును. ఎడ్లబండి ఇరుసు సూత్రము పీ.యూ. బుష్షునకు చెల్లును, అతికిన రబ్బరు బుష్షునకు చెల్లదు. కుటుంబ ప్రయాణమునకు వాడు కారునకు మంచి రబ్బరు బుష్షే చాలునని మా అభిప్రాయము.

బిగించుటలో మెలకువ

మాకు తెలిసిన టాక్సీ యజమాని ఒకరు క్రొత్త బుష్షులు వేయించిన కొలది నెలలకే అవి చిరిగినవి. సరుకు నాసిదని తలచి రెండవసారి ఖరీదైనవి వేయించిరి. అవియు చిరిగినవి. దోషము సరుకులో లేదు, బిగింపులో నున్నది. కారును పైకెత్తి, చక్రములు వ్రేలాడుచుండగనే మెకానిక్కు బోల్టును పూర్తిగ బిగించెను. కారును దింపగనే ఆర్ము పైకి లేచి, బుష్షు నిలిచియున్నప్పుడే మెలి తిరిగియుండెను. ఇక గుంత వచ్చినపుడెల్ల ఆ మెలికపై మరియొక మెలిక పడెను. రబ్బరు బుష్షు బోల్టును మొదట వదులుగా నుంచి, కారు బరువు చక్రములపై పడిన పిమ్మట తుది బిగింపు చేయవలెను. మూడవసారి ఇట్లు చేయగా బుష్షులు నిలిచినవి. కాని రెండు పర్యాయముల ఖర్చును, బండి నిలిచిన దినముల రాబడియు ఆ కుటుంబమునకు తిరిగి రాలేదు.

బుష్షును సుత్తితో కొట్టి దింపరాదు, ప్రెస్సుతో దింపవలెను. దిగుటకు నూనె రాయక సబ్బునీరు వాడవలెను. ఒకవైపు చెడిన రెండువైపులను కలిపి మార్చుట మేలు. పని ముగిసిన పిమ్మట చక్రముల అలైన్‌మెంటు చూపించవలెను. లేనిచో క్రొత్త టైర్లు బలియగును.

తలిదండ్రులకు సూచన

ప్రతి 10,000 కిలోమీటర్ల సర్వీసునాడు బుష్షులను చూడుమని మెకానిక్కును కోరుడు. పైపైని వెండ్రుకవాసి పగుళ్లు కనబడినంతమాత్రమున మార్చనక్కరలేదు. లోతైన చీలిక, రబ్బరు లోహమును విడిచిపెట్టుట, ఇనుపకడ్డీతో మెల్లగ ఎత్తినపుడు ఆర్ము వదులుగా కదలుట: వీనిలో ఏది యున్నను మార్పవలసినదే. అన్నియు మార్చవలెనని చెప్పినచో, చెడినదానిని మీ కన్నులకు చూపుమని అడుగుట మీ హక్కు. పాత బుష్షులను తిరిగి ఇమ్మని కోరుడు. పిల్లలు మాత్రము జాకీపై నిలిపిన కారు క్రిందికి ఎన్నడును దూరరాదు. జాకీ బండిని ఎత్తుటకే. క్రింద పనిచేయువారిని కాపాడునవి దానికి వేరుగా పెట్టు గట్టి స్టాండులు.