ఓహలా

మా అమ్మాయి గ్రనాడాలో చదువు ముగించిన చివరి వారాలవి. జూన్‌లో అక్కడ సూర్యుడు రాత్రి తొమ్మిదిన్నర దాటితే గానీ అస్తమించడు. మగ్రిబ్ నమాజు ముగించుకుని ఆమె ఫోను చేసేసరికి మా అత్తాపూర్‌లో ఒంటి గంట దాటేది. ఎక్స్‌ప్రెస్‌వే మీద శంషాబాదు వైపు సాగే కార్ల చప్పుడే వినవచ్చేది.

మా దిగులంతా పట్టా గురించే. స్పెయిన్‌లో అసలు పట్టా చేతికందడానికి నెలలు పడుతుంది. రుసుము చెల్లించి తాత్కాలిక ధ్రువపత్రం తీసుకొమ్మనీ, దానికి అపోస్టిల్ ముద్ర వేయించుకున్నాకే బయలుదేరమనీ ప్రతిరాత్రీ చెప్పేవాళ్లం. పిల్లల్ని పరదేశం పంపినవారు ఈ సంగతి ముందే విచారించుకోవడం మేలు.

ఆమె మాత్రం అల్‌హమ్రా కబుర్లే చెప్పేది. 1492లో ముస్లిముల చేజారిన ఆ కోట గోడల మీద, విజేత అల్లాహ్ ఒక్కడేనన్న నస్రీ పాలకుల నినాదం నేటికీ చెక్కి ఉంది. ఎదుటి కొండ మీద 2003లో తెరిచిన మస్జిద్ తోట నుండి కోట కనులారా కనిపిస్తుందట.

గది ఖాళీ చేసిన నాడు ఇంటావిడ, "ఓహలా, నువ్వు మళ్లీ రావాలి" అన్నదట. 'ఓహలా' అరబ్బీ నుండి స్పానిష్‌లోకి వచ్చిన మాట. 'అల్లాహ్ తలిస్తే' అని దాని మూలార్థం. నిత్యం పలికే మాటలో ఎవరి నామం ఉన్నదో ఆవిడ ఎరుగదు.

"నువ్వు చెప్పావా?"

"చెప్పాను అమ్మీ. చాలాసేపు నా చేయి వదలలేదు."

పరిశోధనకు అక్కడే ఉండిపొమ్మని ఎవరైనా అన్నారేమోనని మా భయం. మళ్లీ వెళతావా అని అడిగాం.

"ఓహలా" అంది.

ఆ రాత్రి ఫజ్ర్ వరకు మాకు నిద్ర పట్టలేదు.