శంషాబాదులో శంబల స్వప్నము

ఆరాంఘర్ చౌరస్తా దాటి బెంగుళూరు రహదారి వెంబడి దక్షిణమునకు సాగిపోవు బాటసారికి, కుడివైపున నర్కుడ గ్రామపు పొలిమేరలో అమ్మపల్లి సీతారామచంద్రస్వామి దేవాలయపు గోపురమును కోనేరును, ఎడమవైపున 2008 మార్చి నెలలో ద్వారములు తెఱచిన రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయమును, దాని నానుకొనియున్న పారిశ్రామిక వాటికలో, 2022 నవంబరు 18వ తేదీన శ్రీహరికోట నుండి ‘విక్రమ్-ఎస్’ రాకెట్టును నింగికి పంపిన స్కైరూట్ సంస్థవారి కర్మశాలయు కొలది మైళ్ళ పరిధిలోనే ఎదురగుచుండును. కాలయంత్ర మెక్కకయే మూడు యుగములను చుట్టివచ్చు భాగ్యము కలిగిన ఇట్టిచోట నివసించువానికి సైన్సు ఫిక్షను పిచ్చి పట్టకుండుట వింత గాని పట్టుట వింత కాదు. అమ్మపల్లి కోనేటి మెట్లపై మొదటి షాటు తీసినచో చిత్రము హిట్టగునని మన సినిమావారికి గట్టి నమ్మకము. భవిష్యత్తును చిత్రించువారు సైతము ముహూర్తమునకు గతమునే ఆశ్రయించుట మనవారి రీతి.

ఆ పిచ్చికి ఇప్పటి పేరు ‘కల్కి’. ఆరువందల కోట్ల రూపాయల వ్యయముతో నిర్మితమైనదని ప్రచారము పొంది, 2024 జూన్ 27వ తేదీన విడుదలయై, వేయి కోట్లు దాటి వసూలు చేసినదని నిర్మాతలచే ప్రకటింపబడిన ‘కల్కి 2898 ఏడీ’ చిత్రము, మూడు గంటలసేపు మనలను కుర్చీలకు అతికించి, తీరా కథ రసపట్టునకు వచ్చుసరికి తెర దించివేసినది. నాటినుండి అభిమానులు ‘అప్‌డేట్, అప్‌డేట్’ అని అహర్నిశలు జపించుచున్నారు. వారిలో నేనును ఒకడను. నా వయస్సునకు ఇది తగునా యని ఇంట్లోవారు అడుగుచుందురు గాని, తగని పని చేయుటకు వయస్సు మించిన అర్హత మఱి యేమున్నది?

రెండవ భాగముల కొఱకు వేచియుండుట తెలుగువానికి క్రొత్త కాదు. 1991 జూలై 18వ తేదీన విడుదలయైన ‘ఆదిత్య 369’ మనలను ఒకసారి శ్రీకృష్ణదేవరాయల 1526వ సంవత్సరమునకును, మఱియొకసారి అణుధార్మికతకు వెఱచి మనుష్యులు భూగర్భములో తలదాచుకొనిన 2504వ సంవత్సరమునకును త్రిప్పి తెచ్చినది. హెచ్.జి. వెల్స్ కాలయంత్రమును చదివి మోహితుడైన సింగీతం శ్రీనివాసరావు ఆ ఊహను ఒక విమానప్రయాణములో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యమునకు చెప్పగా, ఆయన ముగ్ధుడై శివలెంక కృష్ణప్రసాద్‌ను నిర్మాతగా కుదిర్చెను. అనగా మన భాషలో కాలయంత్రపు కథ విమానములోనే రెక్కలు తొడిగికొన్నదన్న మాట. దాని ఉత్తరభాగమునకు ‘ఆదిత్య 999’ అను పేరు వినుచు వినుచు ముప్పది యేండ్లు గడచిపోయినవి; నాడు నిక్కరులతో చూచిన పిల్లలు, 2025 ఏప్రిల్ 4వ తేదీన ఆ పాత చిత్రమే తిరిగి విడుదలయైనప్పుడు తమ పిల్లలను వెంటబెట్టుకొని పోయి చూచిరి గాని, క్రొత్తది మాత్రము రాలేదు. ఆ సింగీతమే ‘కల్కి’ బృందమునకు మార్గదర్శకుడుగా నిలిచెను గావున, ఈ వేచియుండుటకు ఒక వంశపారంపర్యము గూడ సిద్ధించినది.

‘కల్కి’ చిత్రమంతటిలో నా మనస్సును పట్టి విడువనిది అమితాబ్ బచ్చన్ ధరించిన అశ్వత్థామ పాత్ర. కురుక్షేత్ర సంగ్రామాంతమున ఉత్తర గర్భముపై అస్త్రమును సంధించి, కన్ను తెఱవని శిశువును సంహరింపజూచి, శ్రీకృష్ణుని శాపమునకు గురియై, శిరోమణిని కోల్పోయి, చావు లేక, గాయములు మానక, వేలయేండ్లుగా కుములుచున్న ఆ ద్రోణపుత్రునికే, కలియుగాంతమున మఱియొక గర్భమును కాపాడు కర్తవ్యమును అప్పగించుట యున్నదే, అది దర్శకుడు నాగ్ అశ్విన్‌కు స్ఫురించిన ఊహలన్నింటిలో మహత్తరమైనది. పాడువడిన గుడి చీకటిలో, గుడ్డపీలికలు చుట్టుకొనిన ఆ ఎనిమిదడుగుల వృద్ధుడు లేచి నిలుచున్నప్పుడు, ఎదుటనున్న పసిబిడ్డ తల ఆయన నడుమునకైన అందకపోవుట చూచి, అంతవఱకు ఈలలతో దద్దరిల్లుచున్న మా థియేటరు ఒక్కసారి నిశ్శబ్దమైపోయినది. పరదేశపు సైన్సు ఫిక్షనులో ఎంత వెదకినను ఇట్టి ప్రాయశ్చిత్తము దొరకదు. ఇది మన భారతము మాత్రమే ఈయగలిగిన సంపద.

విమానాశ్రయపు క్యాబ్ పార్కింగులో, కారు వెనుక అద్దమునకు ఆ చిత్రములోని వాహనమైన ‘బుజ్జి’ బొమ్మ అంటించుకొనిన యువకుడొకడు ఈ కథలోని గుండెకాయను నాకంటె సూటిగా పట్టుకొనెను. “కర్ణుడంటే దోస్తు కోసం పానమిచ్చినోడు గద సార్. అశ్వత్థామ గూడ దుర్యోధనుని మనిషే. మరి ఒక్క దిక్కున్నోళ్లు ఎందుకు కొట్లాడుకుంటుండ్రు? పార్టు టూల అది చెప్పాలె, లేకుంటె మజా రాదు” అనెను. కథానాయకుడైన భైరవుడే కర్ణుడని చివరిలో తెలియజెప్పి, ఆ కర్ణునిచేతనే గర్భిణియైన సుమతిని ఎత్తుకొనిపోవించి ఆపివేసిన చిత్రమునకు, ఇంతకంటె గట్టి ప్రశ్న వేయువారు పత్రికలలో లేరు.

ఆ ప్రశ్నకు విత్తనము భారతములోనే యున్నది. ద్రోణపర్వమున రాత్రియుద్ధమునకు ముందు, కర్ణుని ప్రగల్భములను కృపాచార్యుడు ఎత్తిపొడువగా, కర్ణుడు కోపించి నాలుక కోసెదనని బెదరించును. మేనమామకు జరిగిన ఆ పరాభవమును సహింపలేక అశ్వత్థామ కత్తి దూసి కర్ణునిపైకి ఉఱుకును. దుర్యోధనుడును కృపుడును అడ్డుపడి ఆపుదురు. తిక్కనను చదివినవారికి ఇది క్రొత్త విషయము కాదు. నాడు ఆగిన ఆ కత్తిని కలియుగాంతములో, కాశీ నగరపు బూడిదలో, తిరిగి దూయించగలిగినచో రెండవ భాగమునకు పోరాట దృశ్యములను వెదకికొనవలసిన పని లేదు. ఒకే పక్షమున నిలిచి ఓడిపోయిన ఇద్దఱు వీరులు, ఒకడు తన పాపమును క్షణక్షణము స్మరించుచు, మఱియొకడు తన పూర్వజన్మమునే యెఱుగక, పుట్టబోవు శిశువు ముంగిట ఎదురుపడుట కంటె గొప్ప యుద్ధమును ఏ కంప్యూటరును గీయజాలదు.

అభిమానినైనంత మాత్రమున లోపములకు కన్ను మూసికొనవలెనా? పూర్వార్ధములో భైరవుని ‘యూనిట్లు’ అను ధనపు వేటయు హాస్యమును సాగినంతసేపు కథ సాగలేదు. రాజమౌళి, రాంగోపాల్ వర్మ మొదలగువారు వచ్చి పోవుచుండగా హాలులో చప్పట్లు మ్రోగినవి గాని, అప్పటివఱకు కట్టుకొనిన లోకమునకు బీటలు పడినవి. ఆ యెడారులు, ముసుగులు, సైనికుల కవచములు ‘మ్యాడ్ మ్యాక్స్’, ‘డ్యూన్’ చూచినవారికి పాత చుట్టములవలె తోచినవి. 1957 నాటి ‘మాయాబజార్’లో ప్రియదర్శిని పేటిక తెఱచిన తోడనే ఇష్టజనులు కనబడిన నాడు, మనవారు ఎవరినుండియు అప్పు తేలేదు; ఆ ధైర్యమును నేటి దర్శకులనుండి కోరుట అత్యాశ కాదు.

అయితే బుజ్జి విషయములో మాత్రము నేను చిత్రబృందమునకు జోహారులర్పింతును. మహీంద్రా వారి తోడ్పాటుతో కోయంబత్తూరులో నిజముగనే నిర్మింపబడి, ఆరు టన్నుల బరువుతో మూడు చక్రములపై పరుగెత్తి, 2024 మే 22వ తేదీన రామోజీ ఫిల్మ్ సిటీలో ప్రభాస్ స్వయముగా నడుపగా జనుల యెదుటికి వచ్చిన ఆ వాహనము, గ్రాఫిక్సులో పుట్టి గ్రాఫిక్సులోనే గిట్టు యంత్రముల మధ్య ఇనుపవాసన గల ఏకైక ప్రాణి. రాకెట్టు తయారు చేయు తెలుగువారు ఔటర్ రింగ్ రోడ్డు ప్రక్కనే పనిచేయుచుండగా, రెండవ భాగపు కళాదర్శకులు ఒక దినము అటు వచ్చి, బోల్టు ఎట్లు బిగింపబడునో, నూనె మరక ఎక్కడ పడునో కన్నులార చూచిపోయినచో, కాంప్లెక్సులోని యంత్రములకు గూడ ఆ ఇనుపవాసన అబ్బును.

ఆ కాంప్లెక్సు మాట వచ్చినది గనుక చెప్పెదను. నేలమీది కాశీలో గంగ ఎండిపోయి జనులు అలమటించుచుండగా, ఆకాశమున తలక్రిందుల పిరమిడ్డువలె వ్రేలాడు ఆ కట్టడము సమస్త సంపదలను పీల్చివేయుచుండును. చిత్రము దాని వైభవమును చూపినది. క్రిందివారి బ్రదుకులను పైపైన తడవి విడిచినది. 1908 నాటి మూసీ వఱద పిమ్మట నగరరక్షణకై ఈసీ నదిపై కట్టిన హిమాయత్‌సాగర్ మా పొరుగున నున్నది; దాని పరీవాహక ప్రాంతమును కాపాడుటకై 1996లో వెలువడిన 111వ నంబరు జీవో పేరెత్తినచో మా గ్రామములలో నేటికిని రచ్చబండ వేడెక్కును. అయిదువేల అయిదువందల ఎకరముల విమానాశ్రయమునకు ప్రక్కన బ్రదుకుచు, తలమీదుగా పోవు విమానములను లెక్కించు మాబోటి వారికి, పైలోకమునకు క్రిందిలోకమునకు గల సంబంధమును ఎవరును పాఠముగా చెప్పనక్కఱలేదు. గంగను ఎవడు, ఎట్లు, ఏ లెక్కన పైకి తోడుకొనిపోయెనో రెండవ భాగము చెప్పవలయును. కమల్ హాసన్ ధరించిన కాంప్లెక్సు అధిపతి యాస్కిన్ తొలి భాగమున నాలుగు మాటలాడి, చివరకు గాండీవమును చేతబట్టెను. ఆ లెక్క చెప్పవలసినవాడు అతడే.

దీపికా పదుకొణె రెండవ భాగములో ఉండబోరని నిర్మాతలైన వైజయంతీ సంస్థ 2025 సెప్టెంబరు 18వ తేదీన ప్రకటించినది. కారణములపై జరిగిన వాదములలో తలదూర్చుట నాకు రుచింపదు. కథ యంతయు ఏ తల్లి చుట్టు తిరుగుచున్నదో ఆ తల్లి ముఖము మాఱుట సామాన్యమైన చిక్కు కాదు; ఎవరు వచ్చినను, సుమతిని గర్భము మోయు పాత్రగా మాత్రమే మిగుల్చక, ఆమెకు ఆడుటకు మాటలును, నిర్ణయించుకొనుటకు సొంతబుద్ధియు ఇచ్చినచో ప్రేక్షకులు క్రొత్త ముఖమును మూడవ సన్నివేశమునకే అంగీకరింతురు.

కావున నాగ్ అశ్విన్ గారికిని, నిర్మాత అశ్వనీదత్ గారికిని ఈ శంషాబాదు వాసి విన్నపము ఒక్కటే. ఎన్నాళ్ళు పట్టినను మేము వేచియుందుము. ‘ఆదిత్య’ విషయములో మాకు అలవాటైనదే. కాని మూడవ భాగమునకు టిక్కెట్లు తెగుటకై కథను ఇంకొకసారి నడివీథిలో నిలిపి మమ్ములను ఇంటికి పంపవలదు. ఈసారి శంబలలో కల్కిని పుట్టించి, కర్ణునికిని అశ్వత్థామకును నడుమనున్న లెక్క తేల్చి, అప్పుడు తెర దింపుడు.